జనగామలో గౌసియా బేగం బస్సెక్కలేదు

1981 నవంబర్ 16, సోమవారం. పన్నెండు కిలోమీటర్లు.

ఆ తేదీన గౌసియా బేగం వరంగల్ మట్టెవాడ నుంచి హైదరాబాద్‌కు సైకిల్ మీద బయలుదేరింది. ఆ అంకె ఆమె తొక్కిన దూరం కాదు. స్త్రీ ఆరోగ్య కార్యకర్త ఒక రోజులో సైకిల్ మీద పోగలిగిన దూరం పన్నెండు కిలోమీటర్లకు మించదని జిల్లాలోని ఒక కార్యాలయపు ఫైలులో ఉన్న మాట. ఎవరు కొలిచారో, ఎప్పుడు కొలిచారో, ఏ స్త్రీని తొక్కించి చూశారో ఆ ఫైలులో లేదు. మగ కార్యకర్తలకు ప్రభుత్వ సైకిళ్లు ఇచ్చి ఆడవారికి ఇవ్వకపోవడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.

గౌసియాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. హసన్‌పర్తి వైపు ఒక ఉపకేంద్రంలో నర్సమ్మ. ఆమె కింద ఏడు ఊళ్లు. అన్నిటికన్నా దూరపు ఊరు చెరువు అవతల, ఆరున్నర కిలోమీటర్లు. పోవడం, రావడం కలిపితే పదమూడు. సైకిల్ మీద పన్నెండు దాటలేదని నిర్ణయమైన మనిషిని కాలినడకన పదమూడు నడవమన్న ఆ లెక్కలో తప్పేమిటో కార్యాలయంలో ఎవరికీ తోచలేదు.

ఆ ఏడాది ఆగస్టులో ఒక ఉదయం చెరువు అవతలి ఊరి నుంచి కబురు వచ్చింది. పూలమ్మ అనే కూలిమనిషికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. గౌసియా మందుల సంచి భుజాన వేసుకొని బురద గట్ల మీద గంటా ఇరవై ఐదు నిమిషాలు నడిచింది. పూలమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. పది రోజుల తర్వాత ఆలస్యానికి కారణం చెప్పమంటూ గౌసియాకు మెమో వచ్చింది. ఆమె ఒకే మాట రాసింది: నడిచి వచ్చినాను. ఆ కాగితం మీదనే ఎవరో ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు: సమాధానం సంతృప్తికరముగా లేదు.

ఆమె తండ్రి మీరా సాహెబ్‌కు మట్టెవాడలో కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. ఉన్నవి ఐదు సైకిళ్లు, ఇల్లు నడిచేది వాటి మీదే. గౌసియా తొమ్మిదో ఏట ఆ దుకాణం ముందే తొక్కడం నేర్చుకుంది. పంక్చర్లు అతకడం అంతకు ముందే నేర్చుకుంది. "మీ నాయినకు సైకిళ్ల దుకాణమే ఉన్నది, నీకు సర్కారు సైకిల్ ఎందుకు?" అని, ఆమె సైకిల్ కావాలని పోయినప్పుడు కార్యాలయంలో అధికారి ఒకసారి నవ్వుతూ అడిగాడు. పోస్టుమాస్టరు కొడుకుకు స్టాంపులు ఊరికే ఇస్తారా అని ఆమె అడగలేదు. అక్టోబరులో మళ్లీ వెళ్లి అడిగింది. ఈసారి అధికారి ఒక షరతు పెట్టాడు. ఉద్యోగుల సంఘం మహాసభకు సాంబయ్య వాళ్లు సైకిళ్ల మీద హైదరాబాద్ పోతున్నారు కదా, నువ్వూ పో, తోటివాళ్లు సంతకం పెట్టిన ప్రయాణపు డైరీ నా ముందు పెట్టు, ఈ ఏటి సైకిళ్ల జాబితాలో నీ పేరు రాస్తాను, అన్నాడు. జాబితా నవంబర్ 23న పైకి పోవాలి. ఇవ్వబోయే సైకిళ్లు పదకొండు.

ఆయన ఆట పట్టించడానికి అన్నాడని తోటివాళ్లు చెప్పారు. అయినా గౌసియా సెలవు చీటీ రాసి ఇచ్చింది.

సాంబయ్య మలేరియా విభాగంలో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాడు. యాభై ఒకటి దాటిన మనిషి. ఇంటింటికీ పోయి, జ్వరమున్నవారి వేలు పొడిచి రక్తం తీసి, గోడ మీద తేదీ వేసి వచ్చే పని. ఆయన తేదీ లేని గోడ ఆ చుట్టుపక్కల దొరకదని అందరూ చెప్పుకునేవారు. కొమురెల్లికి ఇరవై నాలుగేళ్లు. ఆరోగ్య కార్యకర్తగా ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. గౌసియాను అక్కా అనేవాడు. ముగ్గురూ ఒకే దవాఖానలో సమావేశాలకు కలిసేవారు, ఒకే డబ్బాలో అన్నం పంచుకునేవారు. ఆమె వాళ్లను స్నేహితులనే అనుకుంది. ఆ మాట ఇక్కడ రాయడం అవసరం. తర్వాత జరిగినది శత్రువులు చేసినది కాదు.

పదహారో తేదీ ఉదయం ఆరుంబావుకు మీరా సాహెబ్ దుకాణం ముందు మూడు సైకిళ్లు నిలబడ్డాయి. ఈ ప్రయాణానికి కూతురికి ఇచ్చిన కిరాయి సైకిల్ చైను ఆయన మరోసారి లాగి చూశాడు.

"బేటీ, దిగుడు కాడ బ్రేకు ఒక్కసారే పట్టకు."

"తెలుసబ్బా."

"సాంబయ్యా, పిల్లను జర చూసుకో."

"నాకిడిసిపెట్టు సాయెబూ. అన్నీ చూసుకున్న," అన్నాడు సాంబయ్య.

కొమురెల్లి ఆయన వెనుక సీటుకు కట్టిన సంచి తడిమి చూశాడు. "ఏందన్నా, అంతా కాయితాలే ఉన్నయ్. తినేది ఒక్కటి గూడ తగుల్తలేదు."

"మన డిపార్టుమెంటుల కాయితాలుంటెనే కడుపు నిండుతదిరా," అన్నాడు సాంబయ్య నవ్వకుండా. మిగిలిన ఇద్దరూ నవ్వారు. గౌసియా కొంగు నడుముకు బిగించి ఎక్కింది.

హనుమకొండ, కాజీపేట దాటేవరకు ఎండ ఎక్కలేదు. రోడ్డుకు ఒక పక్కన వరి పనలు ఆరబోసి ఉంటే మరో పక్కనుంచి ఒకరి వెనుక ఒకరు పోయారు. మడికొండ దాటాక సాంబయ్య సైకిల్ వెనుక చక్రం గాలి పోయి కూర్చుంది. గౌసియా దాన్ని తలకిందులు చేసి, ట్యూబు లాగి, ఉమ్మి తడితో కన్నం పట్టుకొని అతికింది. కొమురెల్లి గాలి కొట్టాడు. సాంబయ్య గడియారం చూసుకుంటూ రోడ్డు పక్కన నిలబడ్డాడు.

"అన్నా, ఆడామెకు తోడుగ పోతానవని మీ ఇంట్ల చెప్పినవట. ఎవరు ఎవరికి తోడో ఇప్పుడు చెప్పు," అన్నాడు కొమురెల్లి.

"టైం పోతాంది. జల్ది కానియ్యుండ్రి," అన్నాడు సాంబయ్య. సమయం గురించి ఆయన పడిన తొందర గౌసియాకు అప్పుడు వింతగా అనిపించలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ చేరేసరికి పది ఇరవై. రోడ్డు పక్క హోటల్లో చాయ తాగడానికి ఆగారు. గౌసియా గ్లాసు పక్కన పెట్టి చేయి చాపింది.

"సాంబన్నా, డైరీ ఇటియ్యి. ఎన్నింటికి వచ్చినమో రాస్త."

"రాసిన తియ్యి. నువ్వు చాయ తాగు."

"ఎప్పుడు రాసినవ్? దిగినకాడి నుంచి నీ చేతుల గ్లాసే ఉన్నది."

ఆమె లేచి సంచిలోంచి తనే పుస్తకం తీసింది.

ఆ పుస్తకం అర్థం కావాలంటే ఆ శాఖలో ఒక అలవాటు చెప్పాలి. కార్యకర్తలు రాబోయే వారంలో ఏ రోజు ఏ ఊరికి పోతారో ముందుగా రాసి ఇవ్వాలి. పోయి వచ్చాక ఏం చేశారో డైరీ రాసి ఇవ్వాలి. రెండు కాగితాలకు రెండుసార్లు కార్యాలయానికి పోవడం ఎందుకని అందరూ శనివారం నాడే రెండూ రాసి ఇచ్చేవారు. రాబోయే వారంలో పోబోయే ఊళ్లు, ఆ ఊళ్లకు పోయి వచ్చినట్టు డైరీ, రెండూ ఒకే పూట, ఒకే కలంతో రాసేవారు. కింద కార్బన్ పెట్టి నకలు తీసేవారు. కార్యాలయానికి ఈ సంగతి తెలుసు. కాగితాలు వేళకు వస్తున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

గౌసియా చదివింది: "16-11-81. ఉదయం 9.45 స్టేషన్ ఘన్‌పూర్ చేరితిమి. అందరము క్షేమము." మడికొండ దగ్గర పంక్చర్ ఆ పుస్తకంలో లేదు. ఆమెకు నవ్వు వచ్చింది. ఆ కిందది చదివేసరికి ఆ నవ్వు ఆగింది.

"మధ్యాహ్నం 1.10 జనగామ చేరితిమి. గౌసియా బేగం గారికి కళ్లు తిరిగి అస్వస్థత కలిగినందున బస్సులో హైదరాబాదు పంపడమైనది. సైకిల్ బస్సుపై వేయడమైనది. మిగిలిన ఇద్దరము ప్రయాణము కొనసాగించితిమి." దాని కింద సాంబయ్య సంతకం. పక్కన కొమురెల్లి సంతకం. పుట తిప్పితే మరునాడు సాయంత్రం ఐదింటికి ఇద్దరూ హైదరాబాద్ చేరిపోయి ఉన్నారు.

"కళ్లు తిరిగినయా నాకు? ఏ కళ్లు?"

"నిమ్మలం చెల్లె. హోటల్ల అందరు చూస్తాండ్రు."

"చూడనియ్యి. ఇంక మూడు గంటలకు తిరిగే నా కళ్లు నీకు శనివారమే కనవడ్డయా?"

"అక్కా, అది ఊకె..." కొమురెల్లి కల్పించుకోబోయాడు.

"నువ్వు మాట్లాడకు. నీ సంతకం ఉన్నది కింద."

సాంబయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "నీ ఇజ్జత్ కోసమే రాసిన. ఎనిమిదేండ్ల కింద పాకాల దాక పోయినం, ఒక నర్సమ్మ గూడ వచ్చింది. సగం దారిల కూలవడ్డది. తొక్కలేక ఆగింది అని డైరీల రాస్తె ఆఫీసంతా నవ్విండ్రు. నీకు అట్ల కావద్దని పానం బాగలేదని రాసిన. అండ్ల తప్పేమున్నది?"

"మరి నేను తొక్కితె?"

"తొక్కితె మంచిదే గదా."

"తొక్కితె ఈ పుస్తకంల ఎక్కడ రాస్తవ్? చూపెట్టు. జాగ ఎక్కడున్నది?"

ఆయన పుస్తకం వైపు చూశాడు. జాగా లేదు.

"చింపెయ్యి. మల్ల రాయి."

"చింపుత. గని..." సాంబయ్య చాయ గ్లాసు బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "నకలు శనివారమే ఆఫీసుల ఇచ్చిన."

అంటే ఆ ఉదయం మట్టెవాడలో ఆమె కొంగు బిగించి సైకిల్ ఎక్కే వేళకే ఆమె ప్రయాణం ముగిసి, సంతకాలై, కార్యాలయంలో ఫైలుకు చేరింది. తండ్రి చైను లాగి చూసిన సైకిల్ అప్పటికే బస్సు మీద ఉంది. సాంబయ్య ఆమెకు కీడు తలపెట్టలేదు. ఆమె ఓడిపోతుందని అనుకోను కూడా లేదు. దాని గురించి అనుకోవలసిన అవసరమే ఆయనకు కలగలేదు. ఆడమనిషి ఆగిపోతుంది, దానికి మర్యాదైన కారణం ఒకటి రాయాలి, అంతే. దయతో రాసిన ఆ నాలుగు వాక్యాలు, ఎవరో కొలవకుండా రాసిన పన్నెండు కిలోమీటర్ల వాక్యం పక్కన ఫైలులో చక్కగా ఇమిడిపోతాయి.

గౌసియా పుస్తకం బల్ల మీద పడేసి, సైకిల్ నడిపించుకుంటూ పోస్టాఫీసుకు పోయింది. ఒక కార్డు కొని, గోడకు ఆనించి రాసింది. అధికారి పేరు, చిరునామా. "ఈ రోజు ఉదయం 10.20కి స్టేషన్ ఘన్‌పూర్‌కు సైకిల్ మీద చేరినాను. ఆరోగ్యముగా ఉన్నాను. గౌసియా బేగం."

పోస్టుమాస్టరు కార్డు తీసుకొని, అందరి కార్డులూ చదివినట్టే తీరిగ్గా చదివాడు.

"ముద్ర ఇప్పుడే వెయ్యాలె సార్. నా ముందల."

"సంచి మూడింటికి పోతదమ్మా. అప్పుడే వేస్తం."

"అప్పటిదాక నేను ఆగను. ఆగితె నాకు కళ్లు తిరుగుతయట."

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "కోర్టు పనా?"

"అట్లనే అనుకోండ్రి."

"దీంట్ల కొట్లాట ఏం కనవడ్తలేదు గదమ్మా. సైకిల్ మీద వచ్చిన, మంచిగున్న అని రాసినవ్. ఇది ఆఫీసరుకెందుకు?"

"మంచిగున్నట్టు ఆయనకు తెల్వది."

ఆయన ముద్ర కొట్టాడు. సరిగా పడలేదని పక్కన మరొకటి కొట్టాడు. టైము కూడా వేసి సంతకం పెట్టమని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఊరు, తేదీ నావి. గంటతోని నాకు సంబంధం లేదు. అది నువ్వే రాసుకోవాలె."

బయట సాంబయ్య నిలబడి ఉన్నాడు.

"ఏం కొన్నవ్ చెల్లె?"

"కార్డు."

"ఎవరికి?"

"నువ్వు డైరీ ఇచ్చినాయినకే."

ఆయనకు చెప్పకుండానే అర్థమైంది. ఇలాంటి కార్డులు జనగామ దాటాక కూడా పడితే ఆయన డైరీ అబద్ధమవుతుంది.

ఘన్‌పూర్ నుంచి గౌసియా వెనక్కి చూడలేదు. ఎదురుగాలి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కొమురెల్లి ముందున్న ఆమెను అందుకోలేక, వెనుకబడిన సాంబయ్యను విడిచిపెట్టలేక మధ్యలో ఒక్కడే తొక్కాడు. రఘునాథపల్లిలో ఆమె రెండో కార్డు వేసింది. అక్కడ ముద్ర అడగగానే వేశారు. జనగామ బస్టాండు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటా నలభై ఐదు. ఫైలు లెక్క ప్రకారం ఆమెకు కళ్లు తిరిగి ముప్పై ఐదు నిమిషాలైంది.

సాంబయ్య రొప్పుతూ వచ్చి సైకిల్ బస్టాండు గోడకు ఆనించాడు.

"చెల్లె, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. బస్సెక్కు."

ఎగతాళి అనుకొని ఆమె నీళ్ల సీసా మూత తీస్తూనే ఉంది.

"నిజంగనే అంటాన. నువ్వు ఎక్కితె అంతా కుదురుతది. నువ్వు వేసిన కార్డులతోని గూడ ఫికర్ లేదు, జనగామ దాక తొక్కినవనే నేను రాసిన. ఇక్కడ ఎక్కితె రాసింది నిజమైతది."

"అంటె నా కళ్లు తిరగాలె."

"తిరిగినయనుకో."

"అనుకోవాల్నా?"

"చేతులు పట్టుకుంట గౌసియా." ఆయన మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "ఇరవై రెండేండ్లు. ఒక్క మెమో లేదు నా మీద. దొంగ డైరీ రాసిండని నా ఫైలుల పడితె, ఇన్నేండ్లు నేను పోయిన ఊర్లకు గూడ పోలేదంటరు. నీకు ఇయాల కాకపోతె వచ్చే ఏడు వస్తది సైకిల్."

"నా మీద ఉన్నది మెమో," అంది గౌసియా. గొంతు పెద్దదైంది. బస్టాండులో బల్లల మీద కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. "పూలమ్మ బిడ్డ పోయినందుకు ఇచ్చిండ్రు. నడిచి వచ్చిన అని రాస్తె సంతృప్తికరంగ లేదన్నరు. ఆరున్నర కిలోమీటర్లు సైకిల్ మీద అర్ధగంట సాంబన్నా. బురదల ముప్పావు గంట అనుకో. నేను గంటా ఇరవై ఐదు నిమిషాలు నడిచిన. మిగిలిన నలభై నిమిషాలు ఎవరివి? వచ్చే ఏడు దాక ఆ ఊర్ల ఎవరికి నొప్పులు రావా? నీ ఫైలు తెల్లగ ఉండాల్నని నేను బస్సెక్కాల్నా?"

ఒక బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కండక్టర్ మెట్టు మీద నిలబడి ఆలేరు, భువనగిరి, హైదరాబాద్ అని కేక వేస్తూ వీళ్లను చూశాడు. "ఏమ్మా, సైకిల్ మీదెయ్యాల్నా?"

"ఆయననెక్కించుకోండ్రి. ఆయనకు కళ్లు తిరుగుతానయ్."

కండక్టర్ సాంబయ్య వైపు నిజంగానే ఆరా తీసినట్టు చూశాడు. సాంబయ్య తల దించుకున్నాడు. బస్సు కదిలి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది. గౌసియా పోస్టాఫీసు ఎక్కడని ఎదుటి దుకాణంలో అడిగింది.

జనగామ ముద్ర పడిన మూడో కార్డులో ఆమె ఒక మాట ఎక్కువ రాసింది: "బస్సు ఎక్కలేదు."

పెంబర్తి దాటాక కొమురెల్లి బలమంతా పెట్టి ఆమెను అందుకున్నాడు. కొంత దూరం పక్కపక్కన తొక్కారు.

"అక్కా, నా సంతకం కొట్టేస్త."

"ఎక్కడ కొట్టేస్తవ్? నకలు ఆఫీసుల ఉన్నది."

"నేను చదవలే అక్కా. సాంబన్న పెట్టుమంటె పెట్టిన. ఎప్పుడు పెట్టినట్టే."

అతన్ని తిట్టడానికి గౌసియా నోరు తెరిచింది. తిట్టలేదు. ఆ సమయంలో గుర్తుకు వచ్చిన దాన్ని ఆమె ఆనాటి వరకు ఎవరికీ చెప్పలేదు. కొమురెల్లికి చెప్పింది. ఆగస్టులో పూలమ్మ బిడ్డ పోయిన రోజుకు ఆమె డైరీ కూడా ముందటి శనివారమే కార్యాలయానికి చేరింది. అందులో ఆ రోజు తేదీ కింద ఆమె చేత్తో రాసి ఉంది: "చెరువవతలి గ్రామము దర్శించితిని. గర్భిణీ స్త్రీలు అందరూ క్షేమము." మెమో ఇచ్చినవారు ఆ డైరీ తీసి చూడలేదు. చూసి ఉంటే ఆలస్యం ప్రశ్న వచ్చేదే కాదు. ఆమె అప్పటికే ఆ ఊళ్లో ఉన్నట్టు, పూలమ్మ బాగున్నట్టు, ఏమీ జరగనట్టు కాగితం చెబుతోంది. ఆ వారం నుంచి ఆమె ముందుగా రాయడం మానేసింది. ఇప్పుడు డైరీలు ఆలస్యంగా ఇస్తోందని చీవాట్లు తింటోంది.

"నేను రాసిన దాన్ని బిడ్డ తల్లికి చదివి వినిపిస్తె ఏమంటదిరా?" అంది.

 కొమురెల్లి, "ఇప్పుడేం జెయ్యాలె అక్కా?" అన్నాడు.

"తొక్కు."

ఆలేరు చేరేసరికి నాలుగు ఇరవై ఐదు. పోస్టాఫీసు కిటికీ మూయబోతుంటే చేయి అడ్డం పెట్టి నాలుగో కార్డుకు ముద్ర వేయించింది. రాత్రి బసకు సంఘం మనిషి ఒకరు బడి వరండా మాట్లాడి పెట్టారు. ఐదింటికి సాంబయ్య వచ్చాడు. ఆయన కూడా బస్సెక్కలేదు. పాదాలు కడుక్కొని, తెచ్చుకున్న రొట్టెలు విప్పి, సగం విరిచి గౌసియా ముందు పెట్టాడు. ఆమె తీసుకోలేదు. తను తెచ్చుకున్నవి తింది. మొదటి రోజు అంతటితో అయిపోయింది.

రెండో రోజు భువనగిరి నుంచి ఒక కార్డు, ఘట్‌కేసర్ నుంచి ఒక కార్డు వేసి, సాయంత్రం నాలుగూ నలభైకి ముగ్గురూ హైదరాబాద్ చేరారు.

మరుసటి వారం, 23వ తేదీ సోమవారం, అధికారి ముగ్గురినీ పిలిచాడు. బల్ల మీద ఒక పక్క డైరీ నకలు, ఒక పక్క దారంతో కట్టిన ఆరు కార్డులు.

"ఈ డైరీల నువ్వు జనగామల ఆగినవ్. ఈ కార్డులల్ల ఘట్‌కేసర్ దాక పోయినవ్. ఏది నిజమని నేను పైకి రాయాలె?"

"నేను ఇక్కడనే ఉన్న సార్. అడగండ్రి," అంది గౌసియా.

ఆయన అడగలేదు. డైరీ తాను ముందుగా రాసిందేనని, ఆమె హైదరాబాద్ దాకా తొక్కిందని సాంబయ్య తనంతట తానే చెప్పాడు.  కొమురెల్లి కూడా అవునన్నాడు. అధికారి ఇద్దరి మాటా విని, సాక్ష్యాలు పరస్పర విరుద్ధముగా ఉన్నందున ఈ విషయము వచ్చే సంవత్సరము పరిశీలింపబడునని ఫైలులో రాశాడు. జాబితా ఆమె పేరు లేకుండా ఆ రోజే పైకి పోయింది. సాయంత్రానికి రెండు మెమోలు తయారయ్యాయి. ఒకటి సాంబయ్యకు, అసత్యపు డైరీ సమర్పించినందుకు. రెండోది గౌసియాకు, కార్యాలయ విషయాలను పై వారి ద్వారా కాక బహిరంగ పోస్టుకార్డుల మీద నేరుగా రాసినందుకు. ఆ వారం చివర శనివారం కూడా, గౌసియాది తప్ప, జిల్లాలోని కార్యకర్తలందరి డైరీలు వేళకు, ముందుగానే చేరాయి.

పదకొండు సైకిళ్లు బుధవారం పంచారు. వాటిలో ఒకటి కొమురెల్లికి వచ్చింది. గురువారం పొద్దున్నే అతను దాన్ని తొక్కుకుంటూ హసన్‌పర్తి వచ్చి ఉపకేంద్రం వాకిట్లో నిలబెట్టాడు. హ్యాండిల్‌కు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు.

"అక్కా, ఇది నువ్వు తీసుకో."

"నీ పేరు మీద ఉన్నది."

"నావి నాలుగూర్లే, అన్నీ దగ్గరనే. నేను నడుస్త."

గౌసియా సైకిల్ వైపు చూడలేదు. "ఊకె ఇస్తె తీసుకోను. నీ పేరు మీదనే ఉంచి నేను తొక్కుకుంట పోతె అది గూడ దొంగ డైరీనే అయితది. సామాన్ల రిజిస్టరుల రాయి. ఫలాన తేదీ నాడు నీ దగ్గరి నుంచి నాకు వచ్చినట్టు. ఇద్దరం సంతకం పెడ్తం. ఆఫీసోళ్లు ఇంకో మెమో ఇస్తె ఇయ్యనియ్యి."

కొమురెల్లి వెంటనే జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇప్పుడు కాదు. చెరువవతల ఇద్దరు గర్భిణులున్నరు, చూసి రావాలె. నేను వచ్చినంక రాయి. అప్పటిదాక ఒక్క అక్షరం రాయకు."

తొమ్మిదింబావుకు ఆమె ఆ సైకిల్ మీదే బయలుదేరింది. కొమురెల్లి వరండాలో రిజిస్టరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. సూది మందు కోసం వచ్చిన ఒక ముసలమ్మ, నర్సమ్మ ఏదని అడిగితే, వస్తాంది అన్నాడు. ఎప్పుడొస్తదని అడిగితే, వచ్చినంక చెప్త అన్నాడు. ముసలమ్మ అతన్ని తేరిపార చూసి, గోడ నీడన కూర్చుంది.

పదిగంటల యాభై నిమిషాలకు గౌసియా తిరిగి వచ్చింది. కొమురెల్లి రాశాడు. "సుమారు 11 గంటలకు" అని రాస్తే ఆమె కొట్టి వేయించి 10.50 అని రాయించింది. మొత్తం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. ముసలమ్మకు సూది వేయడానికి లోపలికి పోతూ, "ఇప్పుడెట్ల పోతవ్?" అని అడిగింది.

"నడిచే పోత అక్కా," అన్నాడు.

అతను ఉండే హనుమకొండకు ఎనిమిది కిలోమీటర్లు. అప్పటికే ఎండ ఎక్కింది. గౌసియా అతన్ని ఆపలేదు.